స్టాంపు నంబరు పదమూడు

సెప్టెంబరు 30

ఆర్గాన్ గ్యాసు కంపెనీ వాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చిన డైరీ ఇది. తొమ్మిది నెలలుగా ఒక్క అక్షరం పడలేదు. ఇవాళ పడుతోందంటే నా కోపం ఎంతదో చూసుకోవచ్చు. ఇంట్లో అరిస్తే మా ఆవిడ చిట్టమ్మ నాకు నాలుగింతలు అరుస్తుంది. కాగితం తిరిగి అరవదు.

రేపు ఆయుధపూజ. గ్రైండింగ్ షెడ్డుకి పూజ ఉంది. కంప్రెసరుకి ఉంది. మల్కాపురం నుంచి మమ్మల్ని తీసుకెళ్ళే బస్సుకి ఉంది. క్యాంటీన్‌లో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరుకి కూడా ఉంది. దుమ్ము కూడా చొరనివ్వని మా క్లీన్ రూమ్‌కి మాత్రం లేదు. ఈసారి తలుపు మీద నోటీసు అంటించారు. పసుపు, కుంకుమ, పువ్వులు, అగరొత్తులు ఏవీ లోపలికి రాకూడదట. కింద క్వాలిటీ మేనేజరు దేవీప్రసాద్ గారి సంతకం.

పదకొండేళ్ళుగా ఆ గదిలో విమానం ఇంజిన్లకి టైటానియం గొట్టాలు అతుకుతున్నాను. ఇంజిన్‌లోంచి మండే గాలిని మోసుకుపోయే గొట్టాలు. పైన ఆకాశంలో అతుకు విచ్చుకుంటే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రతి అతుకు పక్కనా నా నంబరు పడుతుంది, పదమూడు. ఆ స్టాంపు ఇంకొకడు ముట్టుకోకూడదు. అలాంటి పని చేసే వెల్డింగ్ టార్చికి బొట్టు లేదు గానీ ఇడ్లీ పిండికి ఉందట!

మా నాయన పడవ ముక్కుకి పసుపు రాయకుండా ఏనాడూ నీళ్ళలోకి తోయలేదు. దేవీప్రసాద్ గారికి పడవంటే ఏం తెలుసు?

అక్టోబరు 1

పూజ అయింది. గ్రైండింగ్ చేసే వరహాలు తన మిషనుకి బంతిపూల దండ వేసి నా దగ్గరికొచ్చి, "ఏటి బావా, నీ గదికి మైలొచ్చిందేటి?" అని పళ్ళికిలించాడు. ఇరవై ఏళ్ళ స్నేహం కాబట్టి బతికిపోయాడు.

భోజనాల టైములో క్లీన్ రూమ్ ఖాళీ. చిట్టమ్మ పూర్ణా మార్కెట్‌లో చేపలమ్ముకుని వచ్చేటప్పుడు గురువారం గురువారం కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర్నుంచి పసుపూ కుంకుమా తెస్తుంది. అందులోంచి చిటికెడు నా జేబులో ఉంది. నేను చేయాల్సింది చేశాను. ఎక్కడో రాయను. గోడలకి చెవులున్నప్పుడు డైరీకి ఉండవా?

మా నాయన పద్ధతిలోనే చేశాను, నువ్వుల నూనెతో కలిపి. నీళ్ళతో కలిపిన బొట్టు మొదటి కెరటానికే పోతుందనేవాడు.

అక్టోబరు 3

పొద్దున్నే అందరికన్నా ముందు లోపలికెళ్ళి, గొట్టం లోపలి నుంచి అతుక్కి ఆర్గాన్ ఊదే రింగంతా అసిటోన్‌తో తుడిచేశాను. గుడ్డకి మొదటిసారి పచ్చగా అంటింది, రెండోసారి కొంచెం, మూడోసారి ఏమీ లేదు. అమ్మవారికీ సరిపోయింది, దేవీప్రసాద్ గారికీ సరిపోయింది.

ఇవాళ మూడు గొట్టాలు. పై అతుకు వెండిలా మెరిసింది. లోపలి వైపు అద్దం పెట్టి చూస్తే లేత ఎండుగడ్డి రంగు కనిపించింది. రింగు చిల్లుల్లోంచి ఆర్గాన్ సరిగ్గా వచ్చి గాలిని తోసేస్తుంటే లోపల కూడా వెండిలాగే ఉండాలి. ఫరవాలేదు, గడ్డి రంగు పాసే. నీలం వస్తే కదా భయపడాలి.

అక్టోబరు 7

లోపల మళ్ళీ గడ్డి రంగు. పాసే.

అక్టోబరు 11

ఇరవై గొట్టాలు ఎక్స్-రేకి వెళ్తే ఆరు తిరిగొచ్చాయి. అతుకులో గాలిబుడగలు. పదకొండేళ్ళలో నావి తిరిగొచ్చినవన్నీ కలిపితే నాలుగు.

గాలిలో తేమ. వారం రోజులుగా ముసురు పడుతోంది, బట్టలే ఆరడం లేదు. టైటానియంకి తేమంటే పడదు. అదే అయ్యుంటుంది.

అక్టోబరు 13

దేవీప్రసాద్ గారు పిలిచి కూర్చోమన్నారు. టీ తెప్పించారు. ఆయన టీ తెప్పించినప్పుడే అనుకున్నాను ఏదో ఉందని.

"ఎల్లాజీ గారూ, మీకిప్పుడు ఎన్నేళ్ళండీ?"

"యాభై రెండు."

"వయసు ఎవరికైనా వస్తుందండీ. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి కదిలినా ఈ పనిలో చాలు. దాన్ని తప్పనడం లేదు. రిపోర్టులో కారణం రాయాలి కదా. చేతి నిలకడ తగ్గింది అని మీరు ఒప్పుకుంటే గౌరవంగా స్టోర్స్‌కి మారుస్తాం."

టీ ముట్టుకోకుండా లేచాను. "నా సెయ్యి వణకదు బాబూ. కావాలంటే ఏ పరీచ్చకైనా నాను రెడీ. స్టోర్సుకెల్లి బోల్టులు లెక్కెట్టడానికి పుట్లేదు నాను," అన్నాను. తలుపు కొంచెం గట్టిగానే పడింది.

నా చెయ్యి వణకదు. ఇక్కడ కూడా రాసిపెడుతున్నాను. వణకదు.

అక్టోబరు 14

కంపెనీ డాక్టరు నా చెయ్యి చాపించి, మీద కాగితం పెట్టి, రెండు నిమిషాలు చూశాడు. కాగితం కదల్లేదు. "మీ చెయ్యి నా చేతికన్నా నయం," అన్నాడు. ఆయన చేత ఆ ముక్క రాయించుకుని జేబులో పెట్టుకున్నాను.

అక్టోబరు 15

పరీక్ష ముక్కలు వెల్డింగ్ చేశాను. బల్ల మీద, రింగుతో పని లేకుండా, పలక మీద పలక పెట్టి, నాలుగు. నాలుగూ ఎక్స్-రేలో అద్దంలా వచ్చాయి. తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద వరసగా పెట్టాను.

"పలక వేరు, గొట్టం వేరండీ," అన్నారు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

అక్టోబరు 16

నా రింగు తీసి ఆశాజ్యోతికి ఇచ్చారు. గొట్టాల ఆర్డరు ఆగకూడదట. నన్ను బల్ల దగ్గర పరీక్ష ముక్కలు కొట్టుకోమన్నారు, కొత్తగా చేరినవాడిలాగ.

ఆశాజ్యోతి స్టాంపు నంబరు ఇరవై రెండు. క్లీన్ రూమ్‌లో స్టాంపు ఉన్నది మా ఇద్దరికే. ఇరవై ఆరేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ప్రొబేషన్ ఈ నెలాఖరుకి అయిపోతుంది, తర్వాత పర్మనెంటు. టార్చి పట్టుకోవడం నేను నేర్పినదే. రింగు తీసుకోవడానికి వచ్చి తల దించుకుని నిలబడింది.

"మీ సీట్లో కూర్చోవాలంటే నాకేం బాగోలేదండి బాబాయ్ గారూ."

"నువ్వేటి సేత్తావు, ఇచ్చిన పని సెయ్యి," అన్నాను. రింగు గురించి ఏమీ అనలేదు. అనడానికేముంది? తుడిచేశాను కదా.

అక్టోబరు 18

ఆశాజ్యోతివి నాలుగు వెళ్తే రెండు తిరిగొచ్చాయి. అవే బుడగలు.

గెలిచాను! ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు, ఆ చేతిని కూడా వయసు అంటారా? క్యాంటీన్‌లో అందరూ వినేలా అన్నాను. వరహాలు బల్ల చరిచాడు. రెండు ప్లేట్ల బజ్జీలు తిన్నాను.

అక్టోబరు 19

దీపావళి సామాన్లు తేవాలి. ప్రమిదలు, వత్తులు, నువ్వుల నూనె.

తుడిచేశాను. మూడుసార్లు తుడిచాను.

అక్టోబరు 20

పండగ. వీధంతా టపాసులు. ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబరు 22

ఆశాజ్యోతి స్టాంపు తీసేసుకున్నారు. రిపోర్టులో కారణం కూడా దొరికింది వాళ్ళకి: నేను నేర్పిన పద్ధతిలోనే లోపం ఉందట, గురువుదే శిష్యురాలికి అంటుకుందట. ప్రొబేషన్ అయ్యాక ఇక రావొద్దంటారని ఆఫీసులో అనుకుంటున్నారు.

బస్సు దగ్గర నా పక్కకొచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది.

"ఎడ్జి మూడుసార్లు తుడిచానండి. గ్లవ్స్ కొత్తవి. రాడ్డు సీలు నేనే విప్పాను. గ్యాసు పది నిమిషాలు వదిలాకే మొదలెట్టాను. ఇందులో నేనేం తప్పు చేశానంటారు బాబాయ్ గారూ? చెప్తే దిద్దుకుంటాను."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ వచ్చాను. నాకు సిగ్గుగా ఉంది. ఈ ముక్క రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

అక్టోబరు 23

రింగు బీరువాలోంచి తీసి చూశాను. పైన తళతళలాడుతోంది. సన్నటి వెల్డింగ్ తీగకి గుడ్డపీలిక చుట్టి, అసిటోన్‌లో ముంచి ఒక్కొక్క చిల్లులో దూర్చాను. మొదటిది తెల్లగా వచ్చింది. రెండోది తెల్లగా వచ్చింది. అయిదో చిల్లులోంచి పీలిక పచ్చగా వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది కూడా పచ్చగానే.

నేను తుడిచినప్పుడు పసుపు పోలేదు. నూనెతో సహా అసిటోన్‌లో కరిగి, చిల్లుల్లోకి దిగిపోయింది. అక్కడ కూర్చుని, రింగు వేడెక్కినప్పుడల్లా కొంచెం కొంచెం ఆవిరై ఆర్గాన్‌తో పాటు అతుకులోకి వచ్చింది. నీళ్ళతో కలిపి ఉంటే, తుడవకుండా వదిలేసి ఉంటే, ఎవరికైనా కనపడి తిట్లు తిని ఉంటే సరిపోయేది. మా నాయన తెలివీ నా తెలివీ కలిసి ఇంత పని చేశాయి.

మొదటి రోజే గడ్డి రంగు చూశాను. చూసి పాస్ అనుకున్నాను. పదకొండేళ్ళలో ఆ రింగు మీద నాకెప్పుడూ గడ్డి రంగు రాలేదు.

ఇంటికొచ్చాక చిట్టమ్మ, "ఏటి, అన్నం కెలుకుతన్నావు గానీ తింటన్నావా?" అంది. చెప్పేశాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని విన్నది.

"అమ్మోరి కోసం సేసినాను," అన్నాను.

"అమ్మోరి మీదెట్టకు. రింగులో బొట్టెట్టమని నిన్నడిగిందేటి ఆ తల్లి? ఇడ్లీ గ్రైండరుకి ఎట్టి నీకెట్టలేదని రోసమొచ్చింది నీకు. ఆ పిల్ల ఏటైపోద్దో సూడు ముందు."

నిజమే. భక్తి కాదు, రోషం.

అక్టోబరు 24

దేవీప్రసాద్ గారికి పచ్చ పీలికలు చూపించి అంతా చెప్పాను. ఎక్కడ పెట్టానో, దేంతో కలిపానో, ఎలా తుడిచానో. ఉద్యోగం పోతుందని తెలిసే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి కాసేపు మొహం రుద్దుకున్నారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మంచి పని చేశారు. రింగు మార్చేద్దాం. ఆ అమ్మాయి స్టాంపు తిరిగిచ్చేద్దాం. మీ సంగతి కూడా పెద్దది చెయ్యక్కర్లేదు. ఆర్గాన్‌లో తేమ వచ్చిందని రాసేస్తే ఎవరికీ నష్టం లేదండీ."

"మరా పద్నాలుగు?"

ఇరవైలో ఆరు పోగా మిగిలిన పద్నాలుగు. పెట్టెల్లో సర్దేసి సిద్ధంగా ఉన్నాయి, సోమవారం లారీ. ఆశాజ్యోతివి పాసైన రెండు ఇంకా కాగితాల మీద ఆగి ఉన్నాయి, వాటిని పక్కన పెట్టేస్తామన్నారు.

"అవి ఎక్స్-రే పాసయ్యాయి కదండీ."

"ఎక్స్-రే బుడగని సూపిత్తది గానీ పెలుసుని సూపిత్తదా బాబూ? ఆ రింగు మీదే కదా అయ్యీ అతికినాను. లోపల గడ్డి రంగు నా కల్లతో సూసినాను. ఒకటి కోసి వంచి సూడండి."

"పాసైన దాన్ని ఎందుకు కోశావని పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి? పసుపు అనా?" ఆయన గొంతు మొదటిసారి లేచింది. "ఇప్పటికే రెండు వారాలు లేటు. ఎల్లాజీ గారూ, మిమ్మల్ని కాపాడదామని చూస్తున్నాను. మీరు కాస్త నోరు మూసుకుంటే చాలు."

నాకు ఆయన మీద జాలి కూడా వేసింది. చెడ్డవాడు కాదు. తారీఖు మెడ మీద కూర్చున్నవాడు. కానీ నా నంబరు వేసుకుని గాల్లోకి వెళ్ళేది ఆయన కాదు, ఆ గొట్టం.

అక్టోబరు 25

కట్టేశాను.

మా కంపెనీలో ఒక రూలుంది. ఏ వర్కరైనా సరే, అనుమానం వస్తే సరుక్కి ఎర్ర చీటీ కట్టొచ్చు. రిజిస్టరులో ఎక్కించి సంతకం పెట్టాక దాన్ని మేనేజరు విప్పకూడదు, కస్టమరు మనిషి వచ్చి చూసి విప్పాలి. ట్రెయినింగులో చెప్తారు, గోడ మీద కూడా రాసి ఉంటుంది. ఇప్పటిదాకా కట్టినవాణ్ణి నేను చూడలేదు. కట్టినవాడికి ఏమవుతుందో గోడ మీద రాయలేదు మరి.

పొద్దున ఆరున్నరకి ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళాను. వరహాలు తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"బావా, బుర్ర పనిసేత్తందేటి నీకు? ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది. ఎవులడిగారు నిన్ను?"

"ఎవులూ అడగలేదు. తప్పుకో."

"నీ తప్పు నువ్వే డప్పేసుకుంటావేటి?"

"నా తప్పు నాను కాక ఇంకెవులేత్తార్రా?"

తప్పుకున్నాడు. కాసేపటికి చూస్తే పెట్టె మూతలు ఒక్కొక్కటే విప్పి పట్టుకుంటున్నాడు. పద్నాలుగు చీటీలు, ఒక్కోదాని మీదా నా నంబరు, తారీఖు, కారణం. కారణం దగ్గర "రింగులో పసుపు, నూనె. పెట్టింది నేనే" అని రాశాను. ఆశాజ్యోతివి రెండింటికీ కూడా కట్టాను, వాటి మీదా అదే రాశాను. మొత్తం పదహారు.

చెయ్యి వణికింది. అబద్ధం రాయను, బాగా వణికింది. ముడి వేయడానికి వరహాలు సాయం పట్టాల్సి వచ్చింది.

ఎనిమిదింటికి దేవీప్రసాద్ గారు వచ్చారు. చీటీలు చూశారు. "విప్పెయ్యండి," అన్నారు, చాలా నెమ్మదిగా.

"నాను విప్పను. రిజిస్టరులో ఎక్కించేసినాను. మీరు విప్పితే మీ సంతకం ఎట్టి విప్పండి."

షెడ్డులో అందరూ పని ఆపి చూస్తున్నారు. ఆయన చీటీ చివర పట్టుకున్నారు. పట్టుకుని, నా వైపు చూసి, వదిలేశారు. సంతకం అనే మాట దగ్గర ఎంత పెద్దవాళ్ళ చెయ్యయినా ఆగుతుంది.

మధ్యాహ్నానికి నా స్టాంపు అడిగి తీసుకున్నారు. ఇచ్చేశాను.

అక్టోబరు 28

తుఫాను. ఫ్యాక్టరీ మూసేశారు. పేటలో పడవలన్నీ పైకి లాగేశారట. ఇంట్లోనే ఉన్నాను. చిట్టమ్మ మూడు రోజులుగా నాకు ఇష్టమైనవే వండుతోంది. ఉద్యోగం పోయినట్టే అనుకుంటోందన్నమాట.

నవంబరు 6

కస్టమరు మనిషి బెంగళూరు నుంచి వచ్చాడు. పద్నాలుగులోంచి ఒకటి కోయించాడు. అతుకు దగ్గర సన్నటి పట్టీ తీసి వంచితే చక్కగా వంగింది. ఎక్కడా చీలలేదు. దేవీప్రసాద్ గారు నా వైపు చూసిన చూపు ఏడు జన్మలు గుర్తుంటుంది. వెనక ఎవరో నవ్వారు కూడా.

అయినా నోరు ఊరుకోలేదు. "ఒకటి బాగుంటే పద్నాలుగూ బాగున్నట్టేటి? మూడో తారీఖున సేసింది కొయ్యండి," అన్నాను. ఆ రోజే కదా తుడిచిన వెంటనే చేసింది. ఆశాజ్యోతి ముందుకొచ్చి, అడగకుండానే ఆ తారీఖు ఉన్న గొట్టం తీసి బల్ల మీద పెట్టింది.

అది వంచగానే చెకోడీలా విరిగింది. ఎక్స్-రేలో పాసైన గొట్టం అది.

కస్టమరు మనిషి రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పదహారూ తుక్కులోకి వేయమన్నాడు. నాకు సంతోషంగా ఏమీ లేదు. అవి నా చేతి పని. ఒక్కొక్కటీ పడుతుంటే చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

నవంబరు 10

తీర్పు వచ్చింది. ఉద్యోగం ఉంది. స్టాంపు ఆరు నెలలు లేదు, తర్వాత మళ్ళీ మొదట్నుంచి పరీక్ష రాసి తెచ్చుకోవాలి. అప్పటిదాకా గ్రైండింగ్ షెడ్డు. ఆశాజ్యోతి స్టాంపు ఇచ్చేశారు. పర్మనెంటు కాగితం వచ్చే వారం అన్నారు.

వరహాలు నాకు కళ్ళద్దాలూ ఏప్రానూ ఇచ్చి, "రా బావా, మా గదిలో మైల నేదు," అన్నాడు. ఈసారి కొట్టాను, మెల్లగా.

ఆరు నెలలే కదా. తెచ్చుకుంటాను. మే నెలకి యాభై మూడు వస్తాయి నాకు. రానీ.

నవంబరు 13

రిపోర్టు మీద సంతకానికి పిలిచారు. ఇంగ్లీషులో ఉంది, ఆశాజ్యోతిని చదివి చెప్పమన్నాను. రింగు సంగతి ఉంది, అసిటోన్ సంగతి ఉంది, విరిగిన గొట్టం సంగతి ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఎవులు సేసినట్టు రాసినారు?"

ఆ పిల్ల కాగితం మీదే చూపు పెట్టి, "క్లీన్ రూమ్‌లో ఒక వర్కరు అని ఉందండి. పేరు లేదు," అంది.

"మీ మేలు కోరే అలా రాశాం," అన్నారు దేవీప్రసాద్ గారు. "ఈ కాగితం కస్టమరు దగ్గర ఏళ్ళ తరబడి ఉంటుంది. పేరు ఎందుకండీ? నిన్న రాత్రి నేనే కూర్చుని తీసేశాను."

ఆయన నిజంగానే మంచి మనసుతో అన్నారు, అది నాకు తెలిసింది. కానీ క్లీన్ రూమ్‌లో స్టాంపున్న వర్కర్లం ఇద్దరమే. ఏళ్ళ తరువాత ఆ కాగితం తీసి చదివేవాడు ఇద్దరిలో ఎవరనుకుంటాడు? నేను రిటైరై పోతాను, గదిలో కనపడేది ఆ పిల్లే.

పెన్ను తీసుకుని ఆ మాటలు కొట్టేశాను. పైన తెలుగులో, గుండ్రంగా, అరిజిల్లి ఎల్లాజీ అని రాశాను.

"తెలుగులో రాశారేంటండీ? కస్టమరుకి అర్థం కాదు," అన్నారు దేవీప్రసాద్ గారు.

"అడగమనండి," అన్నాను. "నాను సెప్తాను."